లప్పం కింద సగం ముద్ర

ఆఫీసులో ఆమెను అందరూ ముద్రలమ్మ అనేవాళ్లు. మొదట్లో వెనకాల అనేవాళ్లు, పోనుపోను మొహం మీదే అనడం అలవాటైపోయింది. వేలిముద్రల విభాగంలో ఇరవై రెండేళ్ల సర్వీసు ఆమెది. మనిషి ఎదురైతే ముందు చేతులు చూసేది, మొహం తర్వాత. బస్సులో ఎవరైనా కడ్డీ పట్టుకుంటే చాలు, బొటనవేలి మీద సుడి ఉందా, వంపు ఉందా అని కళ్లు అటే పోయేవి. "నా మొహం చూసి చేసుకుందనుకున్నారా? నా బొటనవేలు చూసి చేసుకుంది" అని ఆమె భర్త చుట్టాల ముందు నవ్వించేవాడు. ఆయన ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. ఆమె గీతలు చూసి చూసి, ఆయన అక్షరాలు చూసి చూసి, ఇద్దరికీ ఒకే నెలలో కళ్లజోళ్లు వచ్చాయి.

ఇంట్లో మూడో మనిషి అత్తగారు. ఆవిడకు లోకంలో ఒకటే పిచ్చి, గురువారం సాయంత్రం టీవీలో వచ్చే నేర పరిశోధన సీరియల్. తెల్లకోటు వేసుకున్న హీరోయిన్ నలభై నిమిషాల్లో వెంట్రుక పట్టుకుని హంతకుణ్ణి లాక్కొస్తుంది.

"మీ ఆఫీసులో కూడా అలా నీలం లైట్లూ, గాజు గోడలూ ఉంటాయా?" అని అడిగేది ఆవిడ.

"మా ఆఫీసులో ఫ్యాను తిరిగితే అదే పండగ, అత్తయ్యా."

"మరి ఆ పిల్ల కంప్యూటర్లో నొక్కితే ఒక్క నిమిషంలో ఫొటో వచ్చేస్తోంది!"

"మాకు ఒక్కోసారి మూడు వారాలు పడుతుంది."

"అయితే మీరు సరిగ్గా నొక్కడం లేదు" అని తేల్చేసేది అత్తగారు.

అలాంటిది, ఆ సీరియల్ వాళ్లే కోడల్ని వెతుక్కుంటూ వచ్చేసరికి ఆవిడకు కాలు నేల మీద నిలవలేదు. ఈసారి నిజంగా జరిగిన కేసులు తీస్తున్నారట. ఒక ఎపిసోడ్‌కి మాస్టారి కేసు ఎంచుకున్నారు. ఆ కేసు ముద్రలమ్మది.

ఆరేళ్ల కిందటి మాట. రిటైరైన లెక్కల మాస్టారొకాయన ఇంట్లో ఒంటరిగా ఉండేవాడు. ఒక ఉదయం తలకు దెబ్బ తగిలి వంటింటి గడప మీద చనిపోయి కనిపించాడు. వెనక గది కిటికీ అద్దం పగిలి ఉంది. ఎవరో అద్దం పగలగొట్టి, చెయ్యి లోపలికి పెట్టి గడియ తీశారు. పగిలిన అద్దంలో అంచు ముక్క ఒకటి కిందపడి దొరికింది. అరచేతి కంటే కొంచెం పెద్దది. దానిమీద ఒక బొటనవేలి ముద్ర. పూర్తిది కాదు, సగమే. ఆ సగంలోనే ముద్రలమ్మ పదకొండు గుర్తులు పోల్చి పట్టుకుంది. అవి ఒక అద్దాల మేస్త్రీవి. ఊళ్లో ఒక గాజు దుకాణంలో అద్దాలు కోసేవాడు. అంతకుముందు ఏదో చిన్న దొంగతనం కేసులో రెండు నెలలు లోపలికి వెళ్లొచ్చాడు కాబట్టి వేలిముద్రలు రికార్డులో ఉన్నాయి. హత్య జరిగిన రాత్రి భార్య పుట్టింట్లో ఉంది, తను ఇంట్లో ఒంటరిగా పడుకున్నానన్నాడు. సాక్ష్యం లేదు.

"ఆ ఇంటి గడప నేను తొక్కలేదు, ఆ వీధే నాకు తెలీదు" అన్నాడు కోర్టులో. "అద్దాలు కోసేవాణ్ణి. ఊళ్లో ఎన్ని అద్దాల మీద నా వేలు పడిందో నాకేం తెలుసు?"

మాస్టారి తమ్ముడు మాత్రం ఆ కిటికీ ఎప్పటినుంచో ఉన్నదేనని, అద్దం మార్చినట్టు తనకు గుర్తు లేదన్నాడు. గాజు దుకాణం యజమాని ఆ ఇంటికి అద్దం అమ్మినట్టు తన దగ్గర కాగితమేదీ లేదన్నాడు. అప్పుడు ప్రభుత్వ వకీలు ముద్రలమ్మ వైపు తిరిగి, "ఈ ముద్ర పాతదా, తాజాదా?" అని అడిగాడు. ఆమె క్షణం ఆగి, "తాజాదే" అంది.

యావజ్జీవం పడింది. పేపర్లో ఆమె ఫొటో వచ్చింది. అత్తగారు దాన్ని కత్తిరించి బీరువా తలుపుకు లోపల అతికించుకుంది.

షూటింగు ఊరి చివర ఒక పాత గిడ్డంగిలో జరుగుతోంది. సలహాదారుగా ముద్రలమ్మ సెలవు పెట్టి వెళ్లింది. గిడ్డంగిలో సగం ల్యాబు, సగం కోర్టు. ల్యాబు గోడలు అట్టవే గాని లైట్లు పడితే నిజమైన గాజులా మెరుస్తున్నాయి. తెల్లకోటు హీరోయిన్ ఆమెను చూసి లేచి నిలబడి, "మేడమ్, బ్రష్ ఇలా పట్టుకోవాలా?" అని వినయంగా అడిగింది. ముద్రలమ్మకు ముచ్చటేసింది. "అంత గట్టిగా కాదమ్మా. పసిపిల్ల బుగ్గ మీద పౌడరు అద్దుతున్నట్టు" అని చూపించింది.

అప్పుడొచ్చాడు సెట్టు సామాన్లు తయారుచేసే మనిషి. నడివయసువాడు, వేళ్లకు రంగులు, చెవి మీద పెన్సిలు. చేతిలో ఒక అద్దం ముక్క, దానితోపాటు కేసు ఫైల్లోంచి తీసిన ముద్ర ఫొటో.

"మేడమ్, ఒక్కసారి చూసి చెప్పండి. అచ్చం వచ్చిందా?"

ఆమె చూసింది. బాగానే వచ్చింది. బొటనవేలి పై సగం, కింద కత్తితో కోసినట్టు తిన్నగా ఆగిపోయిన గీత.

"భలే వచ్చిందే! అదే ముద్ర అనుకోవచ్చు."

అతను పొంగిపోయాడు. "నిన్నంతా దీంతోనే సరిపోయింది మేడమ్. ఆ కింది గీత తిన్నగా రాదే! పాతిక సార్లు వేలు నొక్కాను. వేలు గుండ్రం కదా, అంచు గుండ్రంగానే పడుతోంది. పోనీ, కిటికీ పట్టీ మీద సగం వేలు, అద్దం మీద సగం వేలు పెట్టి నొక్కుదామని చూశాను. అప్పుడు పట్టీ ఎత్తుగా ఉండి మూల దగ్గర సందు మిగిలిపోతోంది. గీత దాకా ముద్ర ఆనట్లేదు. మీ ఫొటోలో సందు లేదు, గీతకు అంటుకునే ఉంది."

"మరి ఎలా చేశావు?"

"ముందు వేలు నిండుగా నొక్కేశాను మేడమ్. ఆ తర్వాత కింద సగం మీద పట్టీ అతికించేశాను. అంతే, అచ్చుగుద్దినట్టు వచ్చేసింది!"

అని అతను పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. ముద్రలమ్మ నవ్వలేదు. చేతిలో అద్దం ముక్క అలాగే పట్టుకుని ఉండిపోయింది. ముందు వేలు. తర్వాత పట్టీ. కిటికీకి అద్దం నిలబడాలంటే చుట్టూ అంచు మీద సుద్దముద్ద, అదే లప్పం, పట్టీలా మెత్తుతారు. లప్పం పెట్టకముందే వేలు పడి ఉంటే, ఆ ముద్ర అద్దం కిటికీకి ఎక్కకముందుది. అంటే దుకాణంలో కోసినప్పటిది. అంటే...

ఆమె ఆ ముక్కను ఫొటో పక్కన పెట్టి మళ్లీ చూసింది.

"మేడమ్!" డైరెక్టరు కోర్టు సెట్టులోంచి కేకేశాడు. "ఒక్కసారి ఇలా రండి. ఇదే మన క్లైమాక్సు. కోర్టులో మీరన్న మాట పిల్లచేత పలికిస్తున్నాం. 'ఈ ముద్ర తాజాది!' అని. మీరు ఆరోజు ఎలా అన్నారో ఒక్కసారి అని చూపించండి, అలాగే అంటుంది."

అందరూ ఆమె వైపు చూశారు. హీరోయిన్ బోనులో నిలబడి ఎదురుచూస్తోంది. ముద్రలమ్మ అద్దం ముక్క బల్ల మీద పెట్టేసింది.

"నాకు ఒంట్లో బాలేదు" అని బయటికొచ్చేసింది.

గిడ్డంగి గోడ పక్కన నీడలో నిలబడి ఆఫీసు స్టోరు గుమాస్తాకు ఫోను చేసింది. సాక్ష్యాల గది తాళాలు అతని దగ్గరుంటాయి.

"మాస్టారి కేసు అద్దం ముక్క ఇంకా మన దగ్గరే ఉందా?"

"ఉంది మేడమ్. రేపటిదాకా ఉంది."

"రేపటిదాకా అంటే?"

"రేపు పన్నెండింటికి లారీ వస్తుంది కదా. అప్పీలు గడువు అయిపోయిన కేసుల సామానంతా పిండి కొట్టడానికి పంపేస్తున్నాం. లిస్టు మీద మీరే కదా మేడమ్ పోయిన నెల సంతకం పెట్టారు?"

పెట్టింది. నూట నలభై వస్తువుల లిస్టు. చదవకుండా పెట్టింది.

ఆ రాత్రి ఆమె అన్నం కెలికి వదిలేసింది. అత్తగారు మాత్రం ప్రశ్నల మీద ప్రశ్నలు. దగ్గర్నుంచి చూస్తే హీరోయిన్ ఎలా ఉంది, నిజంగా అంత తెలుపా, నీ గురించి ఏమంది అని. ముద్రలమ్మ రెండు ముక్కల్లో చెప్పి గదిలోకి వెళ్లిపోయింది. వెనకే భర్త వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"ఏం జరిగింది?"

చెప్పింది. ఆయన మంచం అంచున కూర్చుని విన్నాడు.

"నీకు ఖాయంగా తెలుసా?"

"తెలీదు. అద్దం చూస్తేగానీ తెలీదు. లప్పం కింద మిగతా సగం ఉంటే మేస్త్రీ ఆ ఇంటికి వెళ్లలేదన్నది నిజమే కావచ్చు. లేకపోతే నా భయం ఒట్టి భయమే."

"అప్పుడెందుకు చూడలేదు?"

"ముద్ర సరిగ్గా కనబడాలని అద్దం వెనక నల్ల కాగితం అతికించాను. తెల్ల పౌడరు కదా, నల్లటి దాని మీద బాగా కనిపిస్తుందని. ఫొటో అద్భుతంగా వచ్చింది. పదకొండు గుర్తులు దొరికాయి. ఇంక అద్దాన్ని తిప్పి చూడాల్సిన పని ఏముందనుకున్నాను."

"ముద్ర అతనిదే కదా. నువ్వు అబద్ధమేం చెప్పలేదు."

"తాజాదన్నాను" అంది ఆమె. "ముద్ర వయసు చెప్పడం ఎవరి వల్లా కాదు. కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజు నేను చెప్పే పాఠమే అది. వకీలు అడిగాడు, కోర్టంతా నావైపే చూస్తోంది, తెలీదంటే చిన్నతనం అనిపించింది. అనేశాను."

భర్త కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తుడవాల్సినదేం లేదు. "ఉద్యోగం మీదికి వస్తుంది."

"వస్తుంది."

"చూడకుండా ఉండగలవా?"

"రేపు పన్నెండు దాటితే చూడాలన్నా ఉండదు" అంది. తెల్లవార్లూ ఇద్దరికీ నిద్ర లేదు. ఒకరు అటు తిరిగితే రెండోవాళ్లు ఇటు తిరిగారు.

తొమ్మిదిన్నరకల్లా పెద్దసారు గది ముందు నిలబడింది. పెద్దసారు మంచివాడే. ఆమెకు పని నేర్పిందీ ఆయనే, మాస్టారి కేసు రిపోర్టు మీద ఆమె సంతకం కింద సంతకం పెట్టిందీ ఆయనే. రిటైర్మెంటుకు పది వారాలుంది. గోడ మీద క్యాలెండర్లో రోజులు కొట్టేసుకుంటున్నాడు.

ఆమె చెప్పింది విని ఆయన పెన్ను మూత పెట్టాడు.

"ఒక సెట్టింగులవాడు బొమ్మ చేసుకుంటూ ఏదో వాగితే దాన్ని పట్టుకుని వచ్చావా?"

"వాగలేదు సార్. వాడు ప్రయోగం చేశాడు. ఆ ప్రయోగం మనం చేయాల్సింది."

"ముద్ర ఆ మేస్త్రీదేనా, కాదా?"

"వాడిదే."

"అయిపోయింది. మిగతాది కోర్టు చూసుకుంది. ఇప్పుడు తేనెతుట్టె కదిపితే కుట్టేది నిన్నొక్కదాన్నే కాదు. ఇరవై రెండేళ్లలో నువ్వు చెప్పిన ప్రతి సాక్ష్యం తవ్వుతారు. నేను సంతకం పెట్టినవీ తవ్వుతారు. లోపలున్న నిజమైన దొంగలు కూడా మా ముద్రా తప్పే అంటారు."

"తవ్వనివ్వండి సార్."

"చెప్పడం తేలిక" అన్నాడాయన. గొంతు పెద్దది చేయలేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టమనిపించింది. "లారీని నేను ఆపను. ఆపమని కాగితం మీద రాయను. నువ్వు ఈ గదిలోకి రాలేదు, నేను వినలేదు. వెళ్లి టీ తాగు."

బయటికొచ్చేసరికి పదిన్నర. స్టోరు ముందు అట్టపెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. గుమాస్తా లిస్టులో టిక్కులు పెడుతున్నాడు.

"నాకు ఒక్క వస్తువు ఇవ్వు. సాయంత్రం తిరిగిచ్చేస్తాను."

"నన్ను చంపేస్తారు మేడమ్. పెద్దసారు చీటీ ఉంటే పెట్టె కాదు, గది తాళమే ఇస్తా. లేకపోతే మీకైనా నేను ముట్టుకోనివ్వను."

కోపం వచ్చింది, కానీ అతనన్నది న్యాయం. ఎవరూ చూడకుండా ఆమె ఒక్కతే ఆ పెట్టె విప్పితే రేపు కోర్టులో ఆ అద్దానికి విలువ ఉండదు. ఆమే ఏదో చేసిందంటారు. దొంగచాటుగా తీస్తే తీసిన ఫలితమే ఉండదు.

పదకొండుకు లారీ గేట్లోకి వచ్చింది. గంట ముందే. ఇద్దరు కూలీలు దిగి వెనక తలుపు తీశారు. ఇనుప తలుపు గోడకు కొట్టుకుని ఆవరణంతా మోగింది.

ముద్రలమ్మ పరుగులాంటి నడకతో తన బల్ల దగ్గరికి వెళ్లి తెల్లకాగితం తీసుకుంది. కూర్చోకుండా నిలబడే రాసింది. ఫలానా కేసులో నేను కోర్టులో ముద్ర తాజాదని చెప్పాను, అలా చెప్పడానికి నాకు శాస్త్రం ఆధారం ఇవ్వదు, ఆ మాట తప్పు. అద్దం ముక్కను తిరిగి పరీక్షించాలి, అంతవరకు దాన్ని నాశనం చేయకూడదు. ఐదే మాటలు. కింద సంతకం. ఒక కాపీ కోర్టుకు, ఒక కాపీ పెద్దసారుకు అని రాసింది.

తపాలా తీసుకునే గుమాస్తామ్మ కిటికీ దగ్గరికి వెళ్లి కాగితం తోసింది. ఆవిడ అలవాటుగా చదవకుండానే రబ్బరు స్టాంపు వేసి, పుస్తకంలో ఎక్కించి, నంబరు రాసిచ్చింది. స్టాంపు పడ్డాక ఆ కాగితం ఆఫీసుది. దాన్ని ఇక చింపి పారేయడం పెద్దసారు తరం కూడా కాదు.

నంబరు పడ్డ కాపీ పట్టుకుని ఆవరణలోకి వచ్చేసరికి పెట్టెలు సగం ఎక్కేశాయి.

"ఆపండి!"

స్టోరు గుమాస్తా కాగితం తీసుకుని చదివాడు. మళ్లీ చదివాడు. మొహంలో రంగు మారింది. "మేడమ్, ఇది మీ మెడకే ఉరి కదా!"

"నంబరు చూడు. నంబరు పడ్డ కాగితం నీ చేతిలో ఉండగా ఆ పెట్టె లారీ ఎక్కితే అది నీ మెడకు."

అతను ఒక్క గంతులో లారీ ఎక్కాడు. కూలీలు విసుక్కుంటూ పెట్టెలు దించారు. ఒకటి, రెండు, పది. మాస్టారి కేసు పెట్టె లేదు. పదిహేను, ఇరవై. ముద్రలమ్మ లారీ తలుపు పట్టుకుని నిలబడింది. ఒక కూలీ లోపల్నుంచి ఒక పెట్టెను కిందికి జారవిడవబోయాడు. "గాజుందయ్యా అందులో, గాజు!" అని గుమాస్తా అరిచి రెండు చేతులా పట్టుకున్నాడు. మీద నంబరు అదే.

చప్పుడుకు పెద్దసారు మెట్ల మీదికి వచ్చాడు. గుమాస్తా కాగితం అందించాడు. ఆయన అక్కడే నిలబడి చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ముద్రలమ్మ వైపు చూసిన చూపులో కోపం కంటే అలసట ఎక్కువుంది.

"ఇద్దరు సాక్షులు కావాలి. కెమెరా తెప్పించండి" అన్నాడు. మెట్లు దిగుతూ, "నేను కూడా ఉంటాను" అన్నాడు.

పరీక్ష గదిలో కిటికీలు మూశారు. ఫ్యాను ఆపారు. సీలు విప్పి, దూది పొరల్లోంచి అద్దం ముక్క బయటికి తీసింది ముద్రలమ్మ. అంచున వేలెడు వెడల్పు లప్పం, ఆరేళ్లలో ఎండి పగుళ్లు పట్టి ఉంది. వెనక తను అతికించిన నల్ల కాగితం. మూలలు కూడా లేవకుండా అతికించింది. అప్పట్లో తన పనితనం చూసుకుని మురిసిపోయి ఉంటుంది.

కాగితం లాగితే అద్దం కదులుతుంది, అద్దం కదిలితే లప్పం రాలుతుంది. రాలితే దాని కింద ఉన్నదేదైనా పొడిలో కలిసిపోతుంది. దూదిని గోరువెచ్చని నీళ్లలో ముంచి, పిండి, కాగితం మీద అద్దింది. ఆగింది. మళ్లీ అద్దింది. చుక్క నీరు పక్కకు జారి లప్పం వైపు పోతే పెద్దసారు తన చేతిరుమాలు కొస అడ్డం పెట్టాడు. పావుగంటకు ఒక మూల లేచింది. సన్నటి పట్టకారుతో పట్టుకుని వెంట్రుకవాసి చొప్పున లాగడం మొదలెట్టింది. మధ్యలో లప్పంలోంచి ఒక పెచ్చు టక్కున ఊడి బల్ల మీద పడింది. కెమెరా పట్టుకున్నవాడు "అయ్యో" అన్నాడు. ఆమె చెయ్యి ఆపి, కళ్లు మూసుకుని, పది లెక్కపెట్టి మళ్లీ మొదలెట్టింది.

కాగితం వచ్చేసింది. తడి అద్ది, అద్దాన్ని వెనక్కి తిప్పి దీపం కింద పెట్టింది.

అద్దంలోంచి అవతలి లప్పం తెల్లగా కనిపిస్తోంది. ఆ తెలుపు మీద, అద్దానికీ లప్పానికీ మధ్య నలిగి, మసి రంగు గీతలు. అద్దాలు కోసేవాళ్లు కోత చక్రాన్ని కిరసనాయిల్లో ముంచుతారు. ఆ నూనె మసి వేలికి అంటుకుని ఉంటుంది. వంపు తిరిగిన గీతలు ఒకటి, రెండు, ఏడు. పైన పౌడరులో ఉన్న సగం దగ్గరికి వచ్చి గీతకు గీత కలిశాయి. ఊడిపోయిన పెచ్చు మేర చిన్న ఖాళీ. మిగతా బొటనవేలంతా అక్కడుంది. లప్పం కిందే ఉంది.

ముద్రలమ్మ భూతద్దం పెద్దసారు చేతికిచ్చి పక్కకు తప్పుకుంది. ఆయన చాలాసేపు చూశాడు.

"ఇది కిటికీకి ఎక్కకముందు పడ్డ వేలు" అన్నాడు చివరికి. భూతద్దం బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. "ఆరేళ్లు..." అన్నాడు. అంతే.

ఆ తర్వాతి నాలుగు నెలలూ ఆమెకు కత్తి మీద సామే. ఆమెను కోర్టు పనులనుంచి తప్పించారు. పాత కేసులన్నీ బయటినుంచి వచ్చిన ముగ్గురు నిపుణులు ఒక్కొక్కటే తిరగేశారు. ఇంకో రెండు చోట్ల కూడా ఆమె 'తాజా' అన్న మాట వాడినట్టు తేలింది. అదృష్టం, ఆ రెండింట్లోనూ వేరే సాక్ష్యాలు గట్టిగా ఉన్నాయి. అయినా ఆ రెండు ఫైళ్లు చూసిన రోజు ఆమె ఇంటికొచ్చి చెప్పులతోనే మంచం మీద కూర్చుండిపోయింది. ఆఫీసులో కొందరు పలకరించడం మానేశారు. పెద్దసారు మాత్రం రిపోర్టు కింద తన సంతకం ఎందుకు పెట్టాడో తనే రాసిచ్చాడు. వీడ్కోలు సభ వద్దన్నాడు.

సీరియల్ డైరెక్టరుకు సంగతి తెలిసి ఎగిరి గంతేశాడు. "మేడమ్, ఇంతకంటే క్లైమాక్సు ఎక్కడ దొరుకుతుంది! మీరే వచ్చి నటించండి!" అన్నాడు. "ఆ మనిషి ఇంకా జైల్లోనే ఉన్నాడండీ" అని ఆమె ఫోను పెట్టేసింది. ఎపిసోడ్ ఆగిపోయింది. అత్తగారు బీరువా తలుపు మీది ఫొటో పీకేస్తుందేమోనని ముద్రలమ్మ అనుకుంది. పీకలేదు. ఎందుకుంచావని కొడుకు అడిగితే, "అది నా కోడలి ఫొటోరా, తీర్పు ఫొటో కాదు" అందట.

మళ్లీ విచారణ రోజున అదే ప్రభుత్వ వకీలు, ఇప్పుడు జుట్టు నెరిసింది, ఆమెను నిలదీశాడు.

"అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా?"

"అప్పుడు తెలియనిది తెలిసినట్టు చెప్పాను" అంది ఆమె. "ఇప్పుడు తెలిసింది చెబుతున్నాను."

"మీ మాట మళ్లీ మార్చరని నమ్మకమేంటి?"

"నా మాట నమ్మక్కర్లేదు. అద్దం ఇక్కడే ఉంది. మీరే తిప్పి చూడండి."

న్యాయమూర్తి తెప్పించుకుని చూశారు. గాజు దుకాణం యజమానిని కూడా మళ్లీ పిలిపించారు. ఈసారి అతను, అద్దాలు కొన్ని రసీదు లేకుండా కూడా అమ్మేవాళ్లమని, మేస్త్రీ కోసినవి వేరేవాళ్లు పట్టుకెళ్లి బిగించేవాళ్లని ఒప్పుకున్నాడు. మేస్త్రీని విడిచిపెట్టారు. మాస్టారిని చంపిందెవరో ఇప్పటికీ తెలియలేదు. ఆయన తమ్ముడు కోర్టు వరండాలో ముద్రలమ్మను దాటి వెళ్తూ, "ఉన్న ఒక్క జవాబూ మీరే తీసేశారు" అన్నాడు.

మేస్త్రీ బయటికొచ్చాడు. ఎండ మొహం మీద పడగానే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పక్కన భార్య, చేతిలో బట్టల సంచి. ముద్రలమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది. అతనే ఆమె ముందు ఆగాడు.

"మీరేనా?"

"నేనే."

"క్షమించమని అడక్కండి మేడమ్" అన్నాడు నెమ్మదిగా. "అడిగితే సరేననాలి. ఇంతమంది చూస్తున్నారు. నాకు అనాలని లేదు."

"అడగను."

అతను తలూపాడు. ఏదో ఆలోచించి, "కోర్టులో అంతమంది చదువుకున్నోళ్లున్నారు. ముద్ర అలా తిన్నగా ఎందుకు తెగిందని నన్నొక్కడూ అడగలేదు. లప్పం పని తెలిసినోణ్ణి, ఫొటో చూపిస్తే చెప్పేసేవాణ్ణి" అన్నాడు.

భార్య అతని మోచెయ్యి పట్టుకుని "పదండి" అంది. ఇద్దరూ గేటు దాటి బస్టాపు వైపు నడిచారు. అతను వేగంగా నడవలేకపోతున్నాడు, ఆవిడ అతనికోసం రెండుసార్లు ఆగింది. ముద్రలమ్మకు కూడా అదే బస్టాపు. వాళ్ల బస్సు వచ్చి వెళ్లేదాకా మెట్ల మీదే నిలబడింది, ఎండలో.